ఒకే లయ తెలిసిన పాత మానిటర్లు

1990 దశకం తొలినాళ్ల వర్క్‌స్టేషన్ మానిటర్‌ను మామూలు పీసీకి తగిలిస్తే చాలాసార్లు బొమ్మ రాదు. తెర నల్లగా ఉండిపోతుంది, లేదా వంకర గీతలు పరుగెడతాయి. పాడైందనుకుని పారేస్తారు. పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది కాబట్టి అలా చెత్తకు చేరడం పర్యావరణానికీ మంచిది కాదు. నిజానికి చాలా సందర్భాల్లో మానిటర్ బాగానే ఉంటుంది. పీసీ లయతో దాని లయ కలవదు, అంతే.

ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, చటుక్కున వెనక్కి వచ్చి కింది గీత మొదలుపెడుతుంది. సెకనుకు ఎన్ని గీతలు గీస్తుందో అదే హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ. సన్ వర్క్‌స్టేషన్లలో బాగా వాడిన 1152×900 చిత్రాన్నే తీసుకుందాం. కనిపించే గీతలు 900. పుంజం అడుగు నుంచి మళ్లీ పైకి చేరే వ్యవధినీ కలిపితే 937. సెకనుకు 66 చిత్రాలు. గుణిస్తే సుమారు 61.8 కిలోహెర్ట్జ్. పీసీ ఆన్ చేయగానే కార్డు పంపే వీజీఏ సంకేతం మాత్రం 31.5 కిలోహెర్ట్జ్. అంటే దాదాపు సగం.

మల్టీసింక్ మానిటర్ ఈ తేడాను గుర్తించి సర్దుకుంటుంది. పాత మానిటర్‌లో పుంజాన్ని పక్కకు వంచే తీగచుట్టనూ, దాని కెపాసిటర్‌నూ ఒక్క వేగానికే శ్రుతి చేసి ఉంచుతారు. గీత సాగినంతసేపూ చుట్టలో కరెంటు పెరుగుతుంది. సమయం రెట్టింపైతే కరెంటూ దాదాపు రెట్టింపవుతుంది. దాన్ని ఒక్కసారిగా ఆపినప్పుడు పుట్టే వోల్టేజీని ట్రాన్సిస్టర్ తట్టుకోలేకపోవచ్చు. రక్షణ ఏర్పాటు లేని మానిటర్ కాలిపోయే ప్రమాదముంది.

అందుకే మార్చాల్సింది కార్డు పంపే సంకేతాన్ని. లినక్స్‌లో ‘మోడ్‌లైన్’ అనే ఒక్క వరుసలో ఈ కొలతలన్నీ రాయవచ్చు. పై ఉదాహరణలో ఖాళీ భాగంతో కలిపి గీతకు 1504 పిక్సెళ్లు, పిక్సెల్ క్లాక్ 92.94 మెగాహెర్ట్జ్. రెండో సంఖ్యను మొదటిదానితో భాగిస్తే అదే 61.8 కిలోహెర్ట్జ్ వస్తుంది.

మరో రెండు చిక్కులున్నాయి. వీజీఏ కార్డు రెండు సింక్ సంకేతాలను వేర్వేరు తీగల్లో పంపుతుంది. పాత మానిటర్లలో చాలావాటికి అవి ఒకటిగా కలిసి రావాలి. కొన్నింటికి ఆకుపచ్చ రంగు సంకేతంలోనే కలిసి రావాలి. కార్డులో ఆ సౌకర్యం లేకపోతే చిన్న సర్క్యూట్ అవసరమవుతుంది. ఇక పీసీ బూట్ అయ్యేంతవరకూ వచ్చేది వీజీఏ సంకేతమే. కాబట్టి అప్పటిదాకా మామూలు మానిటర్ వాడి, సరైన మోడ్ మొదలయ్యాకే పాతదాన్ని కలపడం క్షేమం.

ఈ పనులన్నీ బయటి నుంచే చేయాలి. స్విచ్ ఆపినా ట్యూబులో వేల వోల్టుల చార్జి నిలిచి ఉండవచ్చు కనుక మానిటర్ మూత తీయకూడదు. పాత మానిటర్‌ను పారేసేముందు మాత్రం దాని మాన్యువల్‌లో ఫ్రీక్వెన్సీ ఎంతో ఒకసారి చూడండి.