మౌస్ బాణం ఎక్కడికి పోయింది?

ఇంట్లో ఎవరికైనా బదిలీ అయితే సామానుతోపాటు చదువు కూడా సర్దుకోవాలి. పాత బడి ల్యాబ్‌లో లైనక్స్ మీద పైథాన్ నేర్చుకుని ఉంటాం. కొత్త ఊళ్లో చేతికి దొరికేది విండోస్ ల్యాప్‌టాప్. అప్పుడు ఆదుకునేది వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్‌లో ఒక విండోలో నడిచే మరో కంప్యూటర్. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో విండోస్‌లోనే ఉబుంటు నడపవచ్చు. చోటిచ్చిన విండోస్‌ను హోస్ట్ అనీ, లోపలికి వచ్చిన ఉబుంటును గెస్ట్ అనీ అంటారు.

ఒక్కోసారి గెస్ట్‌లో మౌస్ బాణం కనిపించదు. లేదా బాణం ఒకచోట ఉంటే క్లిక్ మరోచోట పడుతుంది. విసుగొచ్చి మెషిన్‌ను ఫైళ్లతో సహా తొలగిస్తే మనం రాసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. బాణం పోయినంత మాత్రాన ఫైళ్లు పోలేదు. అందుకే ముందు వాటిని కాపాడుకుందాం.

దీనికి మౌస్ అక్కర్లేదు. ఎడమవైపు కంట్రోల్‌తో ఎస్ నొక్కితే ప్రోగ్రాము సేవ్ అవుతుంది. కుడివైపు కంట్రోల్ వర్చువల్‌బాక్స్ సొంత మీట, దాన్ని హోస్ట్ కీ అంటారు. దానితో హెచ్ నొక్కితే షట్‌డౌన్ చేయమని గెస్ట్‌కు కబురు వెళ్తుంది.

ఇప్పుడు కారణం చూద్దాం. హోస్ట్‌కు ఒక బాణం, గెస్ట్‌కు ఒక బాణం ఉంటాయి. మామూలు పీఎస్/2 మౌస్ "ఇంకో పది అడుగులు కుడికి" అన్నట్లు ఎంత కదిలిందో మాత్రమే చెబుతుంది. రెండు సిస్టమ్‌లూ ఆ అడుగును వేర్వేరుగా కొలిస్తే తేడా పెరుగుతూ పోతుంది. యూఎస్‌బీ టాబ్లెట్ పద్ధతి అయితే క్వార్టర్ నంబరు చెప్పినట్లు తెరమీద కచ్చితమైన చోటు చెబుతుంది. దారి తప్పే అవకాశం తక్కువ.

మెషిన్ ఆపాక ఈ మార్పులు ఒక్కొక్కటిగా చేసి, ప్రతిసారీ నడిపి చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

1. క్లిక్ పక్కకు పడుతుంటే: సెట్టింగ్స్‌లో సిస్టమ్ భాగానికి వెళ్లి, పాయింటింగ్ డివైస్‌ను యూఎస్‌బీ టాబ్లెట్‌గా మార్చాలి. మెషిన్ నడుస్తున్నప్పుడు ఇన్‌పుట్ మెనూలో మౌస్ ఇంటిగ్రేషన్‌కు టిక్ ఉందో లేదో చూడాలి.

2. బాణం మాయమైతే, మినుకుమంటుంటే: డిస్‌ప్లే భాగంలో గ్రాఫిక్స్ కంట్రోలర్ చూడాలి. లైనక్స్ గెస్ట్‌కు వీఎంఎస్‌వీజీఏ, విండోస్ గెస్ట్‌కు వీబాక్స్‌ఎస్‌వీజీఏ సరిపోతాయి. అది సరిగానే ఉంటే త్రీడీ యాక్సిలరేషన్ టిక్ తీసి చూడాలి.

3. బాణం మరీ చిన్నదిగానో పెద్దదిగానో ఉంటే: అదే డిస్‌ప్లే భాగంలో స్కేల్ ఫ్యాక్టర్‌ను 100 శాతానికి తేవాలి.

4. వీటితో కుదరకపోతే: డివైసెస్ మెనూలోంచి గెస్ట్ అడిషన్స్ సీడీని చొప్పించి, గెస్ట్ లోపల ఇన్‌స్టాల్ చేయాలి. బాణం ఆకారం, చోటు రెండు సిస్టమ్‌ల మధ్య సరిగ్గా అందేలా చూసేవి ఇవే. వర్చువల్‌బాక్స్‌ను అప్‌డేట్ చేసినప్పుడు వీటినీ అదే వెర్షన్‌కు మార్చుకోవాలి.

బాణం లోపలే చిక్కుకుని బయటికి రాకపోతే అది లోపం కాదు. కుడి కంట్రోల్ ఒక్కసారి నొక్కితే వచ్చేస్తుంది.

అంతా కుదిరాక ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్‌తో మెషిన్ మొత్తాన్ని ఒకే ఓవీఏ ఫైలుగా దాచుకోవచ్చు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ముందు దానిలో ఉన్నవి వేరేచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోవాలి. ఈసారి బదిలీకి మన ఉబుంటు, అందులోని ప్రోగ్రాములు జేబులోనే ప్రయాణం చేస్తాయి. కొత్త ఊళ్లో వర్చువల్‌బాక్స్ ఉన్న కంప్యూటర్‌లో ఆ ఫైలును ఇంపోర్ట్ చేసుకుని, ఆపిన చోటినుంచే మొదలుపెట్టవచ్చు.