మీకు తెలుసా? సగం వేగానికి ఎనిమిదో వంతు కరెంటే!

ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది గానీ, రెక్కలు తిప్పడానికి పట్టే కరెంటు ఏకంగా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోత కూడా సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. మోటారులో పోయే నష్టాల వల్ల అసలు లెక్క కాస్త అటూ ఇటూ అవుతుందనుకోండి.

క్యాంపర్‌వ్యాన్లు సొంతంగా కట్టుకునేవాళ్లు చాలామంది కంప్యూటర్ల 12 వోల్టుల ఫ్యాన్లను వాడేది అందుకే. గిర్రున తిరిగే ఒక్క ఫ్యాన్ కన్నా అలాంటివే రెండు సగం వేగంతో నడిస్తే గాలి అంతే, ఖర్చు పావు వంతు. 120 మిల్లీమీటర్ల నిదానపు రకం ఒకటిన్నర వాట్ తీసుకుంటుందనుకుంటే, రాత్రి 8 గంటలపాటు నడిస్తే 12 వాట్-అవర్లు. అంటే 12 వోల్టుల బ్యాటరీలో ఒక్క ఆంపియర్-అవర్. పక్కవాళ్ల గురక వినబడితే మాత్రం ఇంత నిశ్శబ్దంగా తిరిగే ఫ్యాన్‌ను నిందించాల్సిందే!

ఒక చిక్కుంది. పేరుకు 12 వోల్టులే అయినా ఛార్జింగ్ సమయంలో వ్యాన్ బ్యాటరీ లైను 14 వోల్టులు దాటుతుంది. అన్ని ఫ్యాన్లూ దాన్ని తట్టుకోవు. మధ్యలో వోల్టేజీ తగ్గించే చిన్న కన్వర్టర్ పెట్టాలి. పాతకాలపు డబ్బా రెగ్యులేటర్‌లా రెసిస్టర్‌తో వేగం తగ్గిస్తే, మిగిలిందనుకున్న కరెంటులో కొంత వేడిగా పోతుంది.

ఇక బిగింపు. ఫ్యాన్‌ను నేరుగా రేకు పైకప్పుకు స్క్రూలతో బిగిస్తే రేకంతా డప్పులా మోగుతుంది. మధ్యలో రబ్బరు వాషర్లో, మెత్తని రబ్బరు పిన్నులో వేస్తే ఆ అదురు రేకుదాకా పోదు. గాలి బయటికి తోసే ఫ్యాన్ పైన ఉంటే, కింద ఎక్కడో ఒక కిటికీ కాస్త తెరిచి ఉండాలి.