పొయ్యిలు రెండు - తీగ ఒకటే!

కనిగిరి: ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగే ఇళ్లు ఈ ప్రాంతంలో కొత్త కాదు. అన్నదమ్ములు వేరుపడతారు. కింద అన్న, మేడ మీద తమ్ముడు కాపురముంటారు. కరెంటుకు రెండు మీటర్లు పెట్టించుకుంటారు. గ్యాసు బండలు ఎవరివి వారివే. చిక్కల్లా స్తంభం మీదనుంచి ఇంట్లోకి దిగిన ఒక్క కేబుల్ తీగతోనే! ఇద్దరికీ ఇంటర్నెట్ కావాలి, ఎవరి బిల్లు వారు కట్టుకోవాలి. మరి ఒకే తీగకు రెండు మోడెములు తగిలించవచ్చునా?

వినడానికి చిన్న సంగతే. కాని వానలు మొహం చాటేసి, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ నిండిన ఈ మెట్ట సీమనుంచి పొట్ట చేతపట్టుకొని హైదరాబాదు, బెంగుళూరు పోయినవారు ఎందరో. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, సొంత ఊళ్లో కూర్చునే నగరంలోని ఉద్యోగం చేయవచ్చునని చాలామందికి తెలిసివచ్చింది. అటువంటి ఇంట్లో తీగ తెగితే పోయేది సినిమా కాదు, జీతం. కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజున లైను పడిపోతే పిల్లవాడి సీటుకే ఎసరు.

తీగ ఏదో చూసుకోవాలి

ముందు ఇంట్లోకి వచ్చిన తీగ ఏ రకమో తెలుసుకోవాలి. నడుమ రాగి రంగు కమ్మీ, చివర మర తిప్పి బిగించే కనెక్టరు ఉంటే అది కోయాక్సియల్. లోపల వెంట్రుకలాంటి గాజు పోగు ఉంటే ఫైబర్. రెండింటి వైద్యం వేరు.

కోయాక్సియల్ అయితే, కేబుల్ మోడెములే వాడుతుంటే, రెండు మోడెములు నిస్సందేహంగా పనిచేస్తాయి. 1997లో అమెరికాలోని కేబుల్ ల్యాబ్స్ సంస్థ డాక్సిస్ అనే నియమావళిని విడుదల చేసింది. ఒక తీగను అనేక మోడెములు పంచుకోవడమే దాని పద్ధతి. వీధి తీగ మీద ఇరుగుపొరుగు మోడెములు ఎటూ కలిసే ఉంటాయి. కంట్రోల్ రూములోని యంత్రం ఒక్కొక్కదానికి వంతు వేసి మాట్లాడనిస్తుంది. ఇంట్లో మరొకటి చేరితే దానికి కొత్తేమీ కాదు.

మెలిపెడితే నడవదు

అయితే తీగను కత్తిరించి, మెలిపెట్టి, టేపు చుట్టే నాటు పద్ధతి ఇక్కడ చెల్లదు. టీవీ వినేదే గాని బదులు చెప్పేది కాదు. మోడెం అలా కాదు, తిరిగి మాట్లాడాలి. ఆ తిరుగుమాట ఎక్కువచోట్ల 5 నుంచి 65 మెగాహెర్ట్జ్ లోపు నడుస్తుంది. టీవీ కోసం పెట్టిన ఒకవైపు బూస్టరు దాన్ని అడ్డుకుంటుంది. అతుకు సరిగా లేకపోతే సిగ్నల్ వెనక్కి తన్నుతుంది.

రెండు వైపులా సిగ్నల్‌ను పోనిచ్చే మంచి స్ప్లిట్టరు వాడాలి. రెండు దారుల స్ప్లిట్టరులో ఒక్కో దారికి సుమారు 3.5 డెసిబెల్స్, నాలుగు దారుల దానిలో సుమారు 7 డెసిబెల్స్ నష్టం. అంటే రెండు దారులకే బలం సగానికి పైగా పోతుంది. కుళాయి నీళ్లలా వేగం కూడా సగమవుతుందని భయపడనక్కరలేదు. సిగ్నల్ బలం హద్దులో ఉన్నంతవరకు ఎవరు కొన్న వేగం వారికి వస్తుంది. హద్దు దిగజారిందా, లైను ఊగిసలాడి తెగిపోతుంది. అందుకే స్ప్లిట్టరు వెనుక స్ప్లిట్టరు వేయరాదు. ఖాళీగా వదిలిన దారికి 75 ఓముల మూత బిగించాలి.

లెక్క కంట్రోల్ రూములో

బజారులో పాత మోడెం కొనితెచ్చి తగిలించినంత మాత్రాన ఇంటర్నెట్ రాదు. ప్రతి మోడెం అడుగున దాని మ్యాక్ నంబరు ఉంటుంది. ఆపరేటరు ఆ నంబరును ఖాతాకు ఎక్కిస్తేనే ద్వారం తెరుచుకుంటుంది. రెండు మోడెములంటే రెండు ఖాతాలు, రెండు బిల్లులు. అద్దెకున్నవారికి వేరే ఖాతా ఉండటమే ఇంటి యజమానికి క్షేమం. లైను మీద ఏదైనా తప్పుడు పని జరిగితే మొదట అడిగేది ఖాతాదారునే కదా! బిల్లు పేచీ లేని ఇంట్లో మాత్రం రెండో మోడెం దండగ. ఒక మోడెం, ఒక వైఫై రూటరు, మేడ మీదికి ఒక ల్యాన్ వైరు చాలు.

ఇక ఫైబర్ సంగతి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్ గ్రిడ్ తీగలు కరెంటు స్తంభాల మీదుగానే వచ్చాయి. గాజు పోగును ఇంట్లో కత్తిరించి రెండు చేయడం ఇంటివారి వల్ల అయ్యే పని కాదు. రెండో కనెక్షన్ కావాలంటే ఆపరేటరే లైను ఇవ్వాలి.

కనుక రెండో మోడెముకు డబ్బు పెట్టే ముందు ఆపరేటరును మూడు ప్రశ్నలు అడగాలి. లైను రెండువైపులా నడుస్తుందా? రెండో ఖాతా ఇస్తారా? స్ప్లిట్టరు వేశాక మోడెం దగ్గర సిగ్నల్ కొలిచి చూపిస్తారా? స్థలం పంచుకునే అన్నదమ్ములు కొలతలు వేయించుకున్నాకే గోడ లేపుతారు. తీగ పంచుకునేటప్పుడూ కొలతే ముందు, కత్తెర తరువాత.