శ్రుతి నిలిపే మరలు: ఎలక్ట్రిక్ గిటారుకు మెషీన్ హెడ్ల ఎంపిక

తంత్రీవాద్యం ఏదైనా దాని నాదానికి రెండు ఆధారాలు ఉంటాయి. ఒకటి వాదకుని వేలు. రెండవది తీగను బిగించి పట్టి ఉంచే సాధనం. మొదటిదానిని గురించి సంగీతప్రియులు ఎంతో చర్చిస్తారు. రెండవది చెడిపోయిన నాడు తప్ప ఎవరి స్మరణకూ రాదు. వీణకు బిరడ, సితారుకు ఖూంటీ, గిటారుకు మెషీన్ హెడ్. మన కళాశాలలో రెండు భాషలు వినిపించినట్లే ఈ వస్తువుకు పేర్లు అనేకం వినిపిస్తాయి. పని మాత్రం ఒక్కటే. అది తీగను కోరిన స్వరానికి తెచ్చి, తెచ్చిన చోట నిలపడం.

నేడు విద్యార్థులలో ఎలక్ట్రిక్ గిటారు పట్ల ఆసక్తి మెండు. పలువురు వాడిన గిటారునే కొనుక్కుంటారు. కొంతకాలానికి తీగలు శ్రుతి తప్పడం మొదలవుతుంది. అప్పుడు సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి జరుగుతుంది. గిటారు పనికిరానిదని మూలన పెట్టడం మొదటిది. మెరిసే కొత్త మెషీన్ హెడ్లు కొని తెచ్చి, అవి పట్టకపోతే డ్రిల్లుతో గిటారు తలను తొలిచివేయడం రెండవది. మొదటి పొరపాటును దిద్దుకోవచ్చును. రెండవదాన్ని దిద్దడం కష్టం. చెక్కలో ఒకసారి పెద్దదైన రంధ్రం తనంతట తాను చిన్నది కాదు. కనుక ఈ విషయంలో పాటించవలసిన సూత్రాన్ని ముందే చెప్పుకొందాం: గిటారుకు తగిన మెషీన్ హెడ్‌ను వెతకాలి గాని, మెషీన్ హెడ్ కోసం గిటారును కోయరాదు.

బిరడ నుండి మర వరకు

బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో శిల్పులు పనసకొయ్యతో వీణలు తయారు చేస్తారని మనకు తెలుసు. ఆ వీణ బిరడ ఒక కొయ్యమేకు. దానిని నిలిపేది కొయ్యకూ కొయ్యకూ మధ్య ఉండే ఒరపిడి మాత్రమే. బిరడ ఒక చుట్టు తిరిగితే తీగ ఒక చుట్టు చుట్టుకొంటుంది. ఇందువల్ల సూక్ష్మంగా శ్రుతి చేయడం కష్టం. అందుకే వీణకు మరొక చివర లంగర్లు ఏర్పరచి, వాటి సాయంతో శ్రుతిని సవరిస్తారు.

మెషీన్ హెడ్‌లో ఈ కష్టం తొలగింది. మనం తిప్పే పిడికి స్క్రూ వలె చుట్లు గల చిన్న ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు ఒక పళ్లచక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రానికి బిగించిన స్తంభానికి తీగ చుట్టబడుతుంది. దీనినే వర్మ్ గేర్ అంటారు. ఇందులో ఒక విశేషం ఉన్నది: ఇరుసు చక్రాన్ని తిప్పగలదు గాని, చక్రం ఇరుసును తిప్పలేదు. సాధారణ తీగల జత బిగించిన ఎలక్ట్రిక్ గిటారుపై ఆరు తీగల లాగుడు మొత్తం సుమారు 46 కిలోల బరువుకు సమానం. అంత లాగుడు ఉన్నా పిడి వెనుకకు తిరగకపోవడానికి కారణం ఇదే. ఈ సౌకర్యాన్ని చూచి ఇప్పుడు కొన్ని వీణలకు కూడా బిరడల స్థానంలో గిటారు తరహా మెషీన్ హెడ్లు అమరుస్తున్నారు.

మార్పు ఎప్పుడు సమంజసమో తెలుసుకొనేందుకు తెలుగువారి చరిత్రలోనే ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించి లోకప్రసిద్ధులైనారు. 1998లో పద్మశ్రీ పొందారు. 2014లో చెన్నైలో అస్తమించారు. సాధారణ మాండొలిన్‌కు నాలుగు జతలుగా 8 తీగలు, వాటికి 8 మెషీన్ హెడ్లు ఉంటాయి. జంట తీగలపై గమకం పలకడం కష్టం. శ్రీనివాస్ వాయించిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు ఉన్నవి 5 విడి తీగలు. అక్కడ వాద్యం మారినది సంగీతం కోరినందువల్ల. వాద్యాన్ని మార్చడం అపరాధం కాదు. మార్పుకు కారణం సంగీతం కావలెను గాని వస్తువు మెరుపు కారాదు.

దోషం ఎవరిది?

కొత్త మెషీన్ హెడ్లు కొనక ముందు, పాతవే దోషులని రుజువు కావాలి. శ్రుతి తప్పడానికి కారణాలు అనేకం. కొత్త తీగ సాగుతుంది. స్తంభానికి సరిగా చుట్టని తీగ జారుతుంది. మేడ్చల్, గుండ్లపోచంపల్లి ప్రాంతాలలో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. వానాకాలంలో గాలి తేమతో బరువెక్కుతుంది. ఈ మార్పులకు చెక్క స్పందిస్తుంది, దానితోపాటు శ్రుతి కదులుతుంది. అందులో మెషీన్ హెడ్ తప్పేమీ లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా దాగి ఉండే దోషి, దండి పైచివర తీగలు ఆనుకొనే గాళ్ల పట్టీ. వీణలో దీనిని మేరువు అంటారు. గిటారు దుకాణాలలో నట్ అంటారు. గాడి ఇరుకైనచో తీగ అందులో చిక్కుకొంటుంది. దీనిని కనిపెట్టే ఉపాయం సులభం. తీగను మెట్టుపై నొక్కి పక్కకు బలంగా లాగి వదలండి. శ్రుతి దిగిపోయినదనుకొందాం. అప్పుడు మేరువుకూ స్తంభానికీ మధ్యనున్న తీగను వేలితో మెల్లగా నొక్కి వదలండి. శ్రుతి తిరిగి యథాస్థానానికి వచ్చినచో దోషం మేరువుదే. గాడిలో పెన్సిలు ములికి పొడి కొద్దిగా రుద్దితే తరచు ఈ బాధ తగ్గిపోతుంది. తగ్గనిచో గాడిని నిపుణునిచేత సరిచేయించాలి.

ఇక మెషీన్ హెడ్ పరీక్ష. పిడిని మెల్లగా ఇటూ అటూ తిప్పి స్తంభాన్ని గమనించండి. పిడి పావు చుట్టు తిరిగినా స్తంభం కదలకపోతే పళ్లు అరిగినవని భావించవచ్చును. స్తంభాన్ని వేలితో కదిపితే ఊగుతున్నదా? అయితే ముందు నట్టును, వెనుక స్క్రూలను స్పానరుతోనూ స్క్రూడ్రైవరుతోనూ మితంగా బిగించి చూడండి. చాలా సందర్భాలలో వ్యాధి ఇంతటితో నయమవుతుంది.

అయినను అనుమానం మిగిలితే, విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు తగిన ప్రయోగం మరొకటి ఉన్నది. ఒకే తీగ మాటిమాటికి దిగిపోతున్నదనుకొందాం. ఆ తీగ మెషీన్ హెడ్‌ను, అదే వరుసలోని అదే రకం మరొక దానితో స్థానం మార్చి బిగించండి. దోషం మెషీన్ హెడ్ వెంట వెళ్లినచో అదే దోషి. పాత చోటనే నిలిచినచో మేరువునో తీగనో శంకించాలి. ఒక్క కారణాన్ని మాత్రమే మార్చి ఫలితాన్ని పరిశీలించడం ప్రయోగశాలలో మనం నేర్చిన పాఠమే కదా!

కొలతలు

దోషం రుజువైన పిమ్మట కొలతలు తీయాలి. ఇందుకు భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్ చాలును. అది మిల్లీమీటరులో పదవ వంతు వరకు చూపుతుంది. ఇక్కడ కావలసిన సూక్ష్మత అంతే.

మొదటిది, వరుస. ఫెండర్ కంపెనీ 1954లో వెలువరించిన స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లకు ఆరు మెషీన్ హెడ్లూ ఒకే పక్క ఉంటాయి. గిబ్సన్ తరహా గిటార్లకు ఒక పక్క మూడు, మరొక పక్క మూడు ఉంటాయి. ఈ రెండు జతలు ఒకదానికి బదులు మరొకటి పనిచేయవు.

రెండవది, రంధ్రం వ్యాసం. ఇదే అతి ముఖ్యమైనది. పాత పద్ధతి మెషీన్ హెడ్లకు రంధ్రం సుమారు 8.7 మిల్లీమీటర్లు, దానిలో ఒత్తి దించే బుష్ ఉంటుంది. ఆధునిక పద్ధతిలో రంధ్రం సుమారు 10 మిల్లీమీటర్లు. పైనుండి మరచుట్ల బుష్‌ను వాషరుతో బిగిస్తారు. పది మిల్లీమీటర్ల రంధ్రంలో పాత పద్ధతి మెషీన్ హెడ్ అమర్చదలచినచో, అందుకై ప్రత్యేకమైన బుష్‌లు దొరుకుతాయి, చెక్కను తాకనక్కరలేదు. చిన్న రంధ్రంలో పెద్దదానిని అమర్చాలంటే మాత్రం చెక్కను తొలవక తప్పదు. పెద్ద రంధ్రం రెండు దారులు ఇస్తుంది. చిన్న రంధ్రం ఒకే దారి ఇస్తుంది. ఆ ఒక్క దారిలో దొరికే వస్తువులు నేడు మంచివే లభిస్తున్నాయి కనుక తొలిచే అవసరం అరుదు.

మూడవది, వెనుక స్క్రూల స్థానం. కొన్నిటికి ఒకే స్క్రూ మూలగా ఉంటుంది. కొన్నిటికి నేరుగా పక్కన. పాత పద్ధతి వాటికి పక్కపక్కనున్న రెండు మెషీన్ హెడ్ల నడుమ ఒకే స్క్రూ ఉంటుంది. మరికొన్నిటికి స్క్రూకు బదులు చిన్న ములుకులు ఉంటాయి. పాత రంధ్రాలకు సరిపోయే రకాన్ని ఎన్నుకొన్నచో తలపై కొత్త గాయం పడదు.

నాలుగవది, ఒక స్తంభం మధ్యబిందువు నుండి తరువాతి దానికి గల దూరం. ఆరు ఒకే వరుసలో ఉన్న గిటార్లలో ఇది తరచు సుమారు 25 మిల్లీమీటర్లు. మెషీన్ హెడ్ వీపు ఇంతకన్న వెడల్పయితే ఒకదానినొకటి ఒరుసుకొంటాయి. ఐదవది, తల మందం. దానిని బట్టి స్తంభం పొడవు చాలునా చాలదా తెలుస్తుంది.

ఎత్తు, నిష్పత్తి, బరువు

గిబ్సన్ తరహా గిటారు తల వెనుకకు వాలి ఉంటుంది. కనుక తీగ మేరువు మీద గట్టిగా ఆనుతుంది. ఫెండర్ తరహా తల దండికి సమాంతరంగా ఉంటుంది. అక్కడ స్తంభాలు మరీ ఎత్తయితే తీగ మేరువులో వదులుగా కూర్చొని గరగరమంటుంది. అందుకే కొన్ని జతలలో దూరపు తీగలకు పొట్టి స్తంభాలు ఏర్పరచారు. అట్టి జతలో ప్రతి మెషీన్ హెడ్‌ను దాని నియత స్థానంలోనే బిగించాలి.

నిష్పత్తి అనగా స్తంభం ఒక చుట్టు తిరిగేందుకు పిడి ఎన్ని చుట్లు తిరగాలో తెలిపే సంఖ్య. స్తంభం వ్యాసం 6 మిల్లీమీటర్లయితే దాని చుట్టుకొలత సుమారు 19 మిల్లీమీటర్లు. నిష్పత్తి 14:1 అయినచో పిడి ఒక చుట్టుకు తీగ సుమారు 1.35 మిల్లీమీటర్లు జరుగుతుంది. 18:1 అయినచో సుమారు 1.05 మిల్లీమీటర్లు. రెండవదానితో సూక్ష్మత ఎక్కువ, కొత్త తీగ ఎక్కించేందుకు పట్టే కాలమూ ఎక్కువే. అయితే పెద్ద సంఖ్య చూచి నాణ్యతను నిర్ణయించరాదు. పళ్లు వదులుగా ఉన్న 18:1 కంటె బిగువైన 14:1 మేలు.

లాకింగ్ అనబడే రకంలో తీగను స్తంభంలోనే చిన్న మరతో నొక్కిపట్టే ఏర్పాటు ఉంటుంది. తీగను అనేక చుట్లు చుట్టనక్కరలేదు. తెగిన తీగను త్వరగా మార్చవచ్చును. కాని మేరువు దోషాన్ని ఇది నయం చేయదు. బరువైన మెషీన్ హెడ్లు అమరిస్తే తేలికపాటి గిటారు తల నేలవైపు వాలుతుంది. వాదకుని ఎడమచేయి ఆ బరువును మోయవలసి వస్తుంది.

అమర్చే విధానం

తీగలను అన్నిటినీ క్రమంగా వదులుచేసి తీయాలి. పాత స్క్రూ రంధ్రం వదులైనచో సన్నని చెక్కపుల్లను జిగురుతో దించి ఆరనివ్వాలి. కొత్త స్క్రూకు ముందుగా సన్నని రంధ్రం చేసి, స్క్రూకు కాస్త మైనమో సబ్బో పూసి చేతితో బిగించాలి. గట్టి చెక్కలో బలవంతంగా తిప్పిన చిన్న స్క్రూ తల తెగిపోవడం కద్దు. రంధ్రాన్ని పెద్దది చేయక తప్పని సందర్భంలో డ్రిల్లు కాక, చేతితో తిప్పే రీమరును నిపుణుడే వాడాలి. అమర్చిన తరువాత శ్రుతి చేసేటప్పుడు ఎల్లప్పుడూ కింది నుండి పైకి రావాలి. స్వరం ఎక్కువైనచో బాగా దించి, తిరిగి పైకి తెచ్చి ఆపాలి; అప్పుడు పళ్ల నడుమ వదులు మిగలదు.

కళాశాల వాద్యాలు

విద్యార్థి సొంత గిటారు అతని ఇష్టం. కళాశాల డబ్బుతో కొన్న వాద్యం మాత్రం ఒక తరగతి సొత్తు కాదు. ఒక తరం విడిచివెళ్తే మరొక తరం అందుకొనేది. కమిటీ పెద్దలకు ఈ వ్యాసకర్త విన్నపం ఇది. మెషీన్ హెడ్లు కావాలని విద్యార్థులు అర్జీ పెట్టినప్పుడు, దానితో ఒక కొలతల కాగితాన్ని కోరండి: వరుస, రంధ్రం వ్యాసం, స్క్రూల స్థానం, మధ్యదూరం, తల మందం, దోషాన్ని ఏ పరీక్షతో రుజువు చేసిరో ఆ వివరం. ఆ కాగితం చేతనుంటే సికింద్రాబాదు దుకాణానికి ఒక్కసారి వెళ్లి రావడంతో పని ముగుస్తుంది. లేనిచో సరిపోని వస్తువును తిరిగి ఇచ్చుటకే మరొక రోజు వ్యర్థమవుతుంది. అదే విధంగా, తీసిన పాత మెషీన్ హెడ్లను పారవేయక, పేరు రాసిన పొట్లంలో భద్రపరచండి. చెక్కకు గాయం కాని గిటారును ఏనాడైనా పూర్వరూపానికి తేవచ్చును.

వార్షికోత్సవ వేదికపై తొలిసారి నిలిచే విద్యార్థికి శ్రుతి తప్పిన తీగ కలిగించే అధైర్యం ఇంతింతనరానిది. తప్పు తన వేలిదేనని అతడు భ్రమపడి వాద్యాన్నే విడిచిపెట్టవచ్చును. ఆరు చిన్న మరలను సరిగా పరీక్షించి, సరిగా కొలిచి, సరిగా ఎన్నుకొంటే ఆ భ్రమకు తావుండదు. ఆపై పలికేదంతా అతని సాధన ఫలమే.