మల్కారం చెరువుకు ఎగువన చెత్తకొండ

హైదరాబాద్ పారేసే చెత్త చేరేది జవహర్‌నగర్‌కు. 300 ఎకరాలకు పైబడిన ఆ డంపింగ్ యార్డు పల్లంలో మల్కారం చెరువు ఉంది. నగరం మరిచిపోయిన చెత్తను ఏళ్ల తరబడి మోసింది ఆ చెరువే.

యార్డులో పేరుకున్న పాత చెత్త దాదాపు 1.2 కోట్ల టన్నులు. అడుగున ప్లాస్టిక్ పొర లేకుండా నేల మీదే గుమ్మరించారు. వాన నీరు కుళ్లిన అన్నం, కూరగాయలు, బ్యాటరీలు, డైపర్ల గుండా దిగుతూ వాటి ఊటనంతా పట్టుకుని అడుగుకు చేరుతుంది. అదే లీచేట్. చిక్కటి డికాక్షన్ రంగు, అంచుల్లో నురగ, కడుపులో తిప్పే కంపు. కింద ఉన్నది నెర్రెలు పట్టిన నల్లరాతి నేల. ఏ నెర్రె ఏ బోరుకు దారి తీస్తుందో పైనుంచి చెప్పలేం. యార్డు పక్కనున్న దమ్మాయిగూడ వైపు జనం బోరు నీళ్లు పాడయ్యాయని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. వాళ్లది ముమ్మాటికీ న్యాయమైన గోడు.

తర్వాత పాత గుట్టను పొరలు పరిచి కప్పారు. మంచి పనే. కొత్త వాన లోపలికి దిగదు. కానీ అప్పటికే నానిన చెత్త దశాబ్దాల పాటు ఊరుతూనే ఉంటుంది.

2023 ఏప్రిల్‌లో రోజుకు 20 లక్షల లీటర్ల లీచేట్‌ను శుద్ధి చేసే ప్లాంటు అక్కడ ప్రారంభమైంది. పాత లీచేట్‌తో ఒక చిక్కుంది. సూక్ష్మజీవులు తేలిగ్గా తినగలిగినదంతా ఎప్పుడో తినేశాయి. మిగిలేది అమ్మోనియా, లవణాలు, ఓ పట్టాన విరగని సేంద్రియ పదార్థాలు. అందుకే ఇళ్లలో వాడే ఆర్వో పద్ధతినే పెద్ద ఎత్తున వాడాల్సి వస్తుంది. శుద్ధి చేసిన నీటిని చెరువులోకో కాలువలోకో వదలాలంటే బీఓడీ (అందులోని సేంద్రియ మలినాలను విరగ్గొట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి.

అయితే ఆర్వో విషాన్ని వేరు చేస్తుందే తప్ప అంతం చేయదు. ఒకవైపు తేట నీరు, మరోవైపు ఇంకా చిక్కబడ్డ రిజెక్టు. దాన్ని మళ్లీ గుట్ట మీదే పోస్తే ఆ లవణాలు తిరిగి లీచేట్‌లోకే వస్తాయి. మరిగించి ఆవిరి చేస్తే ఇంధనం ఖర్చు తడిసి మోపెడవుతుంది, చివరికి మిగిలే ఉప్పును మళ్లీ భద్రంగా పూడ్చాలి. ప్లాంటు ఎన్ని లీటర్లు శుద్ధి చేసిందన్నది సగం లెక్కే. రిజెక్టు ఎటు పోయిందో, చుట్టుపక్కల బోర్ల పరీక్షల్లో ఏం తేలిందో నెలనెలా దమ్మాయిగూడ, జవహర్‌నగర్ వీధుల్లో తెలుగులో బోర్డు మీద రాసి పెట్టాలి.