కంప్యూటర్ల క్యూలో ముందెవరు?

కరెంటు బిల్లు కట్టడానికి మీరు ఫోన్ పట్టుకుని ఓటీపీ కోసం ఎదురు చూస్తున్నారు. సరిగ్గా అదే సమయంలో మీ బ్యాంకు లక్షలాది ఖాతాదారులకు పండుగ ఆఫర్ల సందేశాలు పంపుతోంది అనుకుందాం. అవన్నీ ఒకే వరుసలో నిలబడితే మీ ఓటీపీ వాటి వెనక చిక్కుకుంటుంది. గడువు తీరాక చేరినా ప్రయోజనం ఉండదు. మరి ఏ సందేశం ముందు వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు?

పెద్ద సంస్థల్లో ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌కు పని అప్పగించేటప్పుడు తరచుగా నేరుగా మాట్లాడదు. సందేశాన్ని మధ్యలో ఉన్న ఒక వరుసలో ఉంచుతుంది. అవతలి ప్రోగ్రామ్ తనకు వీలైనప్పుడు దాన్ని తీసుకుంటుంది. దీన్నే మెసేజ్ క్యూ అంటారు. ఐబీఎం 1993లో విడుదల చేసిన ఎమ్‌క్యూసిరీస్ ఈ రకం సాఫ్ట్‌వేర్‌లో పేరున్నది. ఇప్పుడు దాన్ని ఐబీఎం ఎమ్‌క్యూ అంటున్నారు.

రెండు పద్ధతులు

ఈ క్యూను ఏర్పాటు చేసేటప్పుడు నిర్వాహకులు ఒక విషయం తేల్చుకోవాలి. మొదటి పద్ధతిలో ముందు వచ్చిన సందేశమే ముందు వెళ్తుంది. రెండో పద్ధతిలో ప్రాధాన్యాన్ని బట్టి వెళ్తుంది. ఐబీఎం ఎమ్‌క్యూలో ప్రతి సందేశానికి 0 నుంచి 9 వరకు ఒక అంకె ఉంటుంది. 9 అన్నింటికన్నా అత్యవసరం. ఒకే అంకె ఉన్నవాటిలో మళ్లీ ముందు వచ్చిందే ముందు. ఆసుపత్రిలో ఓపీ చీటీల వరుస ఎంత పొడవున్నా ప్రమాదంలో గాయపడిన మనిషిని ముందు లోపలికి తీసుకెళ్లడం లాంటిదే ఇది.

లెక్క ఏం చెబుతుంది?

వరుసల గణితానికి పునాది పడింది టెలిఫోన్ కాల్స్ దగ్గర. డెన్మార్క్ గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ 1909లో వాటిపై తొలి పత్రం ప్రచురించారు. ఆ గణితంతోనే మన ఉదాహరణను చూద్దాం. ఒక్కో సందేశానికి సగటున ఒక సెకను పడుతుంది. యంత్రం 90 శాతం సమయం పనిలోనే ఉంటుంది. సందేశాలు వచ్చే వేళ, వాటికి పట్టే సమయం యాదృచ్ఛికంగా మారుతుంటాయి. ముందు వచ్చినదే ముందు అనే పద్ధతిలో ఒక్కో సందేశం సగటున 9 సెకన్లు వేచి ఉండాలి.

ఇప్పుడు 10 శాతం సందేశాలకు ‘అత్యవసరం’ అని ముద్ర వేద్దాం. వాటి నిరీక్షణ దాదాపు 1 సెకనుకు పడిపోతుంది. మిగతావాటిది 9 నుంచి 9.9 సెకన్లకు పెరుగుతుంది, అంతే. చాలా లాభసాటి బేరం!

కానీ అన్ని విభాగాలూ ‘మాదీ అత్యవసరమే’ అంటే? 90 శాతం సందేశాలకు ఆ ముద్ర పడితే వాటి నిరీక్షణ 4.7 సెకన్లు అవుతుంది. మిగిలిన 10 శాతం మాత్రం 47 సెకన్లు ఆగాలి. రెండు సందర్భాల్లోనూ అన్ని సందేశాల సగటు తీసి చూడండి, మళ్లీ 9 సెకన్లే వస్తుంది. ఇంటర్నెట్ మార్గదర్శకుల్లో ఒకరైన లియొనార్డ్ క్లైన్‌రాక్ 1960లలో ఈ సూత్రాన్ని నిరూపించారు. ప్రాధాన్యం నిరీక్షణను తగ్గించదు, ఒకరి నుంచి మరొకరికి బదిలీ చేస్తుంది.

వరుస మారకూడని చోటు

కొన్ని చోట్ల ప్రాధాన్యమే ప్రమాదం. ఖాతాలో 1,000 రూపాయలున్నాయి. ముందు 5,000 జమ, ఆ తర్వాత 4,000 చెల్లింపు సందేశాలు వచ్చాయి. చెల్లింపుకు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తే అది జమను దాటి ముందుకెళ్తుంది. ‘నిల్వ చాలదు’ అన్న జవాబు వస్తుంది. ఇలాంటి చోట వచ్చిన క్రమమే శాసనం. అయితే క్యూ నుంచి ఒకేసారి అనేక ప్రోగ్రామ్‌లు సందేశాలు తీసుకుంటుంటే, క్యూ సరిగ్గానే ఇచ్చినా పనులు ముందువెనకలు కావచ్చు. అందుకే కాఫ్కా వంటి వ్యవస్థల్లో ఒకే ఖాతా నంబరు ఉన్న సందేశాలన్నీ ఒకే పాయలోకి వెళ్లేలా అమర్చుతారు. క్రమానికి హామీ ఆ పాయ వరకే.

సెట్టింగ్ మార్చేటప్పుడూ జాగ్రత్త అవసరం. ఐబీఎం ఎమ్‌క్యూలో ప్రాధాన్య పద్ధతి నుంచి రాక క్రమానికి మారితే, అప్పటికే వరుసలో ఉన్న సందేశాల క్రమం మారదు. కొత్తగా వచ్చేవి ఆ క్యూకు నిర్ణయించిన సాధారణ ప్రాధాన్యం తీసుకుంటాయి. ఆ అంకె 5 అయి, పాత సందేశం 2తో ఎదురు చూస్తుంటే, కొత్తది దాన్ని దాటేస్తుంది. క్యూ ఖాళీ అయ్యాక మార్చడమే క్షేమం.

ఓటీపీలకు, ఆఫర్లకు వేర్వేరు క్యూలు, వేర్వేరు ప్రోగ్రామ్‌లు కేటాయించడం మరో దారి. ఏ దారి ఎంచుకున్నా, ‘ఎవరిని ముందు పంపాలి’ అని అడిగిన ప్రతిసారీ ‘అందుకు ఎవరు, ఎంతసేపు ఆగాలి’ అన్నది కూడా లెక్క వేయాలి.