ట్రై-టిప్ కోసం డల్లాస్ అంతా తిరిగా!

కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు ట్రై-టిప్ ఎక్కడైనా దొరికేది. డల్లాస్‌లో అడిగితే బ్రిస్కెట్ చూపిస్తారు! చివరికి ఒక బుచర్‌కి 'బాటమ్ సర్లాయిన్‌లో మూడు మూలల ముక్క' అని చెబితే, కైమాకి పోవాల్సిన దాన్ని నాకు తీసిపెట్టాడు.

ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పొడి. అంతే, శాంటా మారియా పద్ధతి. అక్కడ రెడ్ ఓక్ నిప్పుల మీద కాలుస్తారు. నేను స్మోకర్‌లో 225 ఫారన్‌హీట్ దగ్గర పెట్టి, మాంసం లోపల 125 రాగానే తీసి, కాలే పెనం మీద అటూ ఇటూ తిప్పా. బ్రిస్కెట్‌లా రోజంతా ఉంచితే ఎండిపోతుంది.

మొదటిసారి కోయడంలో దెబ్బతిన్నా. ఇందులో నార రెండు దిక్కులకి పోతుంది. ముందు రెండు ముక్కలు చేసి, దేనికది నారకి అడ్డంగా కోయాలి. నేను ఒకే వైపు కోశా, సగం రబ్బరే.

రెండోసారి కుదిరింది. వీడియో కాల్‌లో చూసి అమ్మ "మన తునకలు గుర్తొస్తున్నాయిరా" అంది. హైదరాబాద్ హాస్టల్లో ఆ తునకల డబ్బా దాచుకుని తినేవాణ్ని. ఈ ఫొటో మాత్రం స్టేటస్‌లో పెట్టా.